చప్పుడు చేయని కారు

భీమడోలులో పాస్టరు ఆనంద్ పాల్ గారి వరండా, 2009. తమ్ముడు నెల్సన్ తన రెండు కార్లలో ఒకటి ఉచితంగా తీసుకోమన్నాడు. సంఘపెద్ద తోమాకి మాత్రం ఒకటే బెంగ: బ్యాటరీ కారు చప్పుడు చెయ్యదట.

“మళ్లీ చెప్పండి తోమా గారూ. బ్యాటరీ కారు ఎందుకొద్దు?”

“కరెంటండీ. ఎప్పుడు పోతుందో ఆ ప్రభువుకే తెలియాలి.”

“రాత్రి చార్జింగ్ పెడితే తెల్లారేసరికి నిండుతుందన్నాడు మా నెల్సన్. మనం తిరిగేదెంత? గుండుగొలను, అటునించి కొల్లేటి గట్టు మీద మీ పేట, తిరిగి ఇల్లు. నలభై కిలోమీటర్లు. అది అరవై పోతుందట.”

“గట్టు మీద బురదలో దిగబడితేనండీ?”

“ఏ కారైనా దిగబడుద్ది.”

“అది కాదండీ... ఆ రెండోది, హైబ్రిడ్డు, అదే పుచ్చుకోండి. పెట్రోలూ ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది. ఇంజనుంటుంది. ఇంజనన్నాక కాస్త... చప్పుడుంటుంది.”

“చప్పుడు దేనికండీ?”

“అయ్యగారొస్తున్నారని ఊరికి తెలియొద్దా అండీ? మీ పాత జీపు చూడండి. పాపం, కాలవ వంతెన ఎక్కలేక రొద పెడుతుంటే పేటంతా వినబడుద్ది.”

“సరే, మీ మాటే కానివ్వండి. హైబ్రిడ్డే తెప్పిద్దాం.”

“స్తోత్రం!”

“అన్నట్టు, సందుల్లో నెమ్మదిగా పోయేటప్పుడు దాని ఇంజను దానంతటదే ఆగిపోద్దట. బ్యాటరీ మీదే పిల్లిలా వచ్చేస్తుందట.”

“అదీ అంతేనా అండీ?”

“అదీ అంతే.”

“అయితే రెండూ వద్దండీ. జీపే ఉంచేయండి.”

“తోస్తేగాని కదలదు కదండీ అది!”

“నేను తోస్తానండీ. ఒంట్లో ఓపికున్నంతకాలం తోస్తాను.”

“తోమా గారూ, ఇటు చూడండి. అసలు సంగతేంటి?”

“చెప్తే నా పెద్దరికం పోద్దండీ.”

“ముందు చెప్పండి.”

“చుట్టండీ.”

“చుట్టా?”

“సాయంత్రం అరుగు మీద ఒక్కటేనండీ. మీకు ముందున్న అయ్యగారు రత్నాన్ని చుట్టకే గదండీ పెద్దరికంలోంచి తీసేసింది! అందుకని జీపు రొద వినపడగానే చూర్లో దోపేసి, సోంపు నములుతూ బైబిలు తెరుస్తాను. పధ్నాలుగేళ్లుగా ఇదే వరసండీ. నేనొక్కణ్ణే అనుకోకండి. దేవదానం పేకముక్కలు తవుడు బస్తాలో పడేస్తాడు. కృపమ్మ సీరియల్ కట్టేసి పాటల పుస్తకం తీస్తది.”

“అయిందా?”

“అయిందండీ. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇక మీ ఇష్టం.”

“బ్యాటరీ కారే పంపమంటాను. హారను మాత్రం మంచి గట్టిది వేయించమంటాను.”

“హారనెందుకండీ?”

“ఎదురుగా కోడిపెట్టయినా లేని వంతెన మీద పధ్నాలుగేళ్లుగా రోజూ జీపు ఆపేసి, ఐదేసి నిమిషాలు యాక్సిలేటర్ తొక్కుతూ కూర్చుంటున్నది ఎందుకనుకున్నారండీ?”