మీసం పోయిన పదిహేడో రోజు

ఫోటోలు తీసే ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి పావుగంటయింది. భార్య పొయ్యి వైపు తిరిగి ఉంది. కూతురు బల్ల దగ్గర పుస్తకంలో తల దూర్చి కూర్చుంది.

“ఇటోసారి చూడవోయ్.”

“చూడను.”

“ఒక్కసారే.”

“ఆ ఒక్కసారి చూసినందుకేగా ఆమధ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు మీరు. ‘కిటికీలోంచి వెలుగు అంత చక్కగా పడుతుంటే తల తిప్పి నాశనం చేశావు’ అన్నారు. నాకెందుకొచ్చిన గొడవ? పాలు కాగుతున్నాయి. నేను పాలనే చూస్తాను.”

“ఇవాళ కెమెరా లేదు.”

“ఉంది.”

“లేదంటుంటే! మెడలో ఉందేమో చూడు.”

“మెడలో ఉందో లేదో చూడాలంటే మిమ్మల్ని చూడాలి. అదేగా మీ ఎత్తు.”

“ఎత్తూ లేదు, గిత్తూ లేదు. నిజంగా లేదు.”

“ఆర్నెల్ల కిందట ఒకసారి కూడా లేదనే అన్నావు నాన్నా. నేను తలెత్తగానే టిక్కుమంది.”

“నువ్వు చదువుకో చిట్టీ.”

“చదువుకుంటూనే ఉన్నాను. తలెత్తకుండా చదవడం బాగా అలవాటైపోయింది. మా టీచరు నన్ను చూపించి మిగతావాళ్ళని తిడుతోంది.”

“సరే, ఇద్దరూ వినండి. చప్పట్లు కొడుతున్నాను. వినిపించిందా? రెండు చేతులూ ఖాళీ. ఇంక కెమెరా ఎవరు పట్టుకుంటారు?”

“స్టాండు ఉందిగా.”

“స్టాండు పడగ్గదిలో ఉంది!”

“ఎవరు చూడొచ్చారు?”

“అదేగా నా ఏడుపు! ఎవరూ చూడట్లేదు!”

“అరవకండి. మామూలుగా ఉండండి. మామూలుగా ఉండమని మాకు చెప్పింది మీరేగా. ‘నేను లేననుకోండి. మీ పని మీరు చేసుకోండి. ఇల్లు రోజూ ఎలా ఉంటుందో అలాగే కావాలి నాకు’ అన్నారు. ఏడాదిగా లేరనే అనుకుంటున్నాం. బాగానే కుదిరింది.”

“ఆ కుదరడమే నా కొంప ముంచింది. ఇదిగో, నేను ఫోటోలు పంపే ప్రదర్శనవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. చదవనా?”

“చదవండి. చెవులు మూసుకోమని మీరింకా చెప్పలేదు.”

“‘పోయిన వారం దాకా మీరు పంపిన ఫోటోలన్నీ చూశాము. ఇంట్లోవీ, వీధిలోవీ అన్నీ అద్భుతం. ఒక్క మనిషైనా కెమెరా వైపు చూడలేదు. అసలు ఆ ఇంట్లో ఫోటోలు తీసే మనిషి ఒకడున్నాడన్న ఆనవాలే లేదు. ఇంకో ఏడాది కూడా ఇలాగే తీసి పంపవలసిందిగా కోరుతున్నాము.’”

“మంచిదేగా. మెచ్చుకున్నారు.”

“ఇది మెచ్చుకోవడమా? ఆనవాలే లేదన్నారు! చదవగానే వెళ్ళి అద్దంలో చూసుకున్నాను.”

“ఉన్నారా?”

“ఉన్నాననుకో. నన్ను నేను చూసుకుంటే ఏం లాభం? అద్దంలో ఎవరైనా ఉంటారు. ఇంకొకళ్ళు చూడాలి. నా ఇంట్లో నావాళ్ళు చూడాలి. మీసం పోయి పదిహేడు రోజులైంది నాకు! ‘అయ్యో, మీసమేదీ?’ అని ఒక్కళ్ళైనా అడిగారా ఈ ఇంట్లో?”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“మీసం సంగతి. చిట్టి చెప్పింది.”

“దానికెలా తెలుసు? అదీ చూడదుగా?”

“గరిటెలో చూశాను నాన్నా.”

“గరిటెలోనా?”

“నేరుగా చూడకూడదుగా మరి. గరిటెలో నువ్వు తలకిందులుగా ఉంటావు. మొదట కనుబొమ్మలు పోయాయేమో అనుకుని భయపడ్డాను. తర్వాత గిన్నె మూతలో చూస్తే సరిగ్గా తెలిసింది. మూతలో తలకిందులుగా ఉండవు గానీ, బుగ్గలు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఉంటాయి.”

“ఇద్దరికీ తెలిసి కూడా అడగలేదా?”

“అడిగితే మామూలుగా ఉండదుగా.”

“అబ్బబ్బా, ఆ మామూలు మాట ఇంక ఎత్తకు!”

“సరే, ఇప్పుడు అడుగుతున్నాను. నిక్షేపంలాంటి మీసం. ఎందుకు తీయించుకున్నారు?”

“నేనెక్కడ తీయించుకున్నాను! కటింగ్ షాపాయన పోగొట్టాడు. చివర్లు కాస్త సరిచేయమన్నాను, అంతే. రోజూ ఆయన షాపు ముందు నిలబడి ఫోటోలు తీస్తాను కదా, నా వైపు చూడొద్దని ఆయనకూ చెప్పి ఉన్నాను. పాపం మాట మీద నిలబడే మనిషి. గోడమీది క్యాలెండరు చూస్తూ కత్తెర ఆడించాడు. ఎడమవైపు సగం ఎగిరిపోయింది. సర్దుతానని కుడివైపు పోగొట్టాడు. ఇంకాసేపు కూర్చుంటే ముక్కు కూడా దక్కదని లేచొచ్చేశాను. నవ్వకు చిట్టీ.”

“నవ్వట్లేదు నాన్నా. పుస్తకంలో జోకుంటే నవ్వొచ్చింది.”

“ఏం పుస్తకమది?”

“లెక్కలు.”

“వీధిలో ఇంకా ఎంతమందికి చెప్పి పెట్టారేంటి, చూడొద్దని?”

“అందరికీ చెప్పాను. చెప్పకపోతే ఎలా? కెమెరా కనిపిస్తే చాలు, జుట్టు సవరించుకుంటారు, పొట్ట లోపలికి లాక్కుంటారు. అరటిపళ్ళాయన పళ్ళు తుడవడం మొదలుపెడతాడు. అదంతా అబద్ధం కదా. నాకు నిజం కావాలి. అందుకే ఒక్కొక్కళ్ళకీ నచ్చజెప్పాను. ఇప్పుడేమైంది? దర్జీ పక్కకు తిరిగి నా కొలతలు తీసుకున్నాడు. తీరా కుట్టాక ఆ చొక్కా నాకు పట్టలేదు. ఆ రోజు నా పక్కన నిలబడ్డ ఆయనకు అతికినట్టు సరిపోయింది. ఆయనే వేసుకుని వెళ్ళిపోయాడు.”

“ఆ బూడిదరంగు చొక్కానా? అయ్యో, గుడ్డ నేనే ఏరి తెచ్చాను.”

“అది నయం. బస్సు ఆగట్లేదు నాకు.”

“బస్సు డ్రైవరుకు కూడా చెప్పారా! బుద్ధుందా మీకు?”

“స్టాపులో జనం ఎక్కుతుంటే తీస్తున్నాను. ఆయన అద్దంలోంచి ఒకటే పలకరింపు నవ్వు. ఒక్క మాటన్నాను, అంతే. ఇప్పుడు నేను నిలబడ్డ స్టాపు వస్తే చాలు, మొహం అటు తిప్పుకుని లాగించేస్తున్నాడు. నాతోపాటు నిలబడ్డవాళ్ళంతా నన్ను తిడుతున్నారు.”

“తిట్టేటప్పుడైనా మిమ్మల్ని చూస్తున్నారా?”

“లేదు. అటు తిరిగి తిడుతున్నారు.”

“నాకైతే ఇలాగే బాగుంది నాన్నా. ఎవరూ ఎవర్నీ చూడకపోతే హాయిగా ఉంటుంది. చుట్టాలొస్తేనే ప్రాణం మీదికొస్తుంది. ఎంత పెరిగానో, ఎంత చిక్కానో అని గుచ్చి గుచ్చి చూస్తారు.”

“నువ్వు చిన్నదానివి, నీకు తెలియదు. ఏమోయ్, నిన్నే. ఒక్కసారి ఇటు తిరిగి చూశావంటే చాలు, ఇంకో ఏడాది తీయనని ఇప్పుడే రాసిచ్చేస్తాను వాళ్ళకి. ఇదిగో కలం. మూత కూడా తీశాను.”

“నాకోసం మీరేం రాయక్కర్లేదు.”

“నీకోసం కాదు. నాకోసమే. ఈ ఇంట్లో నేనున్నానో లేదో ఇవాళ తేలిపోవాలి.”

“అమ్మా, పోనీ చూడు.”

“నువ్వు ఊరుకోవే.”

“మొండిదానివి కదూ! పెళ్ళయిన కొత్తలో ఎంత చూసేదానివి. పేపరు చదువుకుంటుంటే తలుపు చాటు నుంచి ఒకటే చూడటం.”

“అప్పుడు మీరూ చూసేవారు.”

“ఇప్పుడు చూడట్లేదా? పొద్దస్తమానం నిన్ను చూడటమేగా నా పని! ఏడాది ఫోటోల్లో సగానికి పైగా నువ్వే. పాలు పొంగే ముందు నీ భుజాలు బిగుసుకుంటాయి. గిన్నె దించే ముందు ఎడమకాలి మీద బరువు వేస్తావు. కూని రాగం తీస్తూ తీస్తూ కుళాయి తిప్పగానే ఆపేస్తావు. ఇవన్నీ ఎవడు చూశాడు? నేనే కదా.”

“అంత చూశారు కాబట్టి ఒకటి అడుగుతాను. చెప్పగలిగితే చూస్తాను.”

“ఒకటేం, పది అడుగు.”

“ఈమధ్య నాలో ఏం మారింది?”

“ఏం మారింది… ఏం మారలేదే. ఉండు, ఉండు. తొందరపెట్టకు. ఫోటోలన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. బట్టలు మడతపెడుతున్నావు. తర్వాతది బాల్కనీలో. తర్వాతది ఇక్కడ, ఆవిరిలో. ఆఁ, దొరికింది! ఆ తెలుపు!”

“ఏ తెలుపు?”

“కొన్నాళ్ళుగా ప్రతి ఫోటోలోనూ ఎడమపక్క కింద తెల్లగా ఒకటి ఉంటోంది. ఫోటోకి ఎంత నిండుదనం వచ్చిందో! ప్రదర్శనవాళ్ళు కూడా ఉత్తరంలో కింద రాశారు, ‘ఆ తెలుపులో ఏదో బరువుంది’ అని.”

“బరువే. ఏంటది?”

“తువ్వాలు.”

“కాదు.”

“పిండి అంటించుకున్నావు.”

“రోజూనా?”

“కాగితమేమో… కాదా? మరేంటి? నువ్వే చెప్పు.”

“చిట్టీ, చెప్పవే.”

“నేనా? నాన్నా, అది సిమెంటు కట్టు. అమ్మ ఎడమచెయ్యి విరిగింది. మణికట్టు దగ్గర.”

“విరిగిందా! ఎప్పుడు?”

“ఇరవై రోజులైంది.”

“ఇరవై రోజులా? మరి గిన్నెలూ అవీ…”

“నేనేగా తోముతున్నాను.”

“అవునవును, తీశాను. ఆ సబ్బు నురగ మోచేతి దాకా. పని నేర్చుకుంటోందని మురిసిపోయాను కూడా. అయితే మాత్రం, నాకొక మాట చెప్పొద్దూ? ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళారు?”

“పక్కింటి పిన్నిగారు. మీరూ వచ్చారు.”

“నేనా?”

“మేం చెప్పులేసుకుంటుంటే మీరూ వేసుకున్నారు. ఎక్కడికని అడగలేదు. మేం మెట్లు దిగుతుంటే వెనక నుంచి తీస్తూ వచ్చారు. అక్కడ వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్ళ కాళ్ళు వరసగా తీసుకున్నారు.”

“‘ఎదురుచూసే కాళ్ళు’! దానికి చాలా మంచి పేరొచ్చింది. ఆరు జతలు.”

“అందులో మూడో జత నావి.”

“మూడో జతా? వేర్వేరు చెప్పులు వేసుకున్న కాళ్ళా?”

“కంగారులో నాదొకటి, చిట్టిదొకటి తొడుక్కున్నాను.”

“ఆ చెప్పుల కోసమే ఆ ఫోటో తీశాను నేను. ఎవరో పాపం, ఎంత కష్టంలో పరుగెత్తుకొచ్చారో అనుకున్నాను. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు ఆ కాళ్ళే గుర్తొచ్చాయి. ఏమై ఉంటుందో, వెంట ఎవరైనా ఉన్నారో లేదో అని. ఏదీ, చెయ్యి ఇటు పెట్టు. చూస్తాను.”

“చూడండి. మీకేం అడ్డం?”

“నాన్నా, వేళ్ళతో అలా చట్రం కట్టకు.”

“నేను కట్టట్లేదే. చేతులు వాటంతటవే లేస్తున్నాయి. చట్రం లేకపోతే ఎక్కణ్ణుంచి చూడాలో అంతుపట్టట్లేదు.”

“చేతులు వెనక్కి పెట్టుకో.”

“పెట్టుకున్నాను. అమ్మో, వేళ్ళు ఇలా ఉబ్బిపోయాయేంటి?”

“ఇది తగ్గాక. మొదటి వారం చూడాల్సింది.”

“నొప్పిగా ఉందా?”

“రాత్రిళ్ళు లాగుతుంది. ముట్టుకోకండి, అక్కడ కాదు. ఆఁ, అక్కడైతే ఫరవాలేదు.”

“ఎలా విరిగింది?”

“పడ్డాను.”

“ఎక్కడ?”

“ఇక్కడే. పై అరలో డబ్బా అందుకోబోతే స్టూలు తిరగబడింది. చెయ్యి కింద ఆన్చాను, మొత్తం బరువు దానిమీదే పడింది.”

“ఇంట్లో ఎవరూ లేని వేళ అలాంటి పనులెందుకు పెట్టుకుంటావు?”

“ఉన్నారు.”

“చిట్టి ఉందా?”

“నేను స్కూల్లో ఉన్నాను నాన్నా. సాయంత్రం నేనొచ్చాకే ఆసుపత్రికి వెళ్ళింది అమ్మ.”

“సాయంత్రం దాకానా! విరిగిన చేత్తోనా? మరి ఆ ఉన్న మనిషి ఏం చేస్తున్నట్టు? మనిషి కింద పడితే చెయ్యందించి లేపాలన్న జ్ఞానం ఉండొద్దూ?”

“లేవబోయాను. ‘లేవకు, అలాగే ఉండు, వెలుగు బాగా పడింది’ అన్నారు.”

“నాన్నా. అమ్మ ఇటు తిరిగింది. నిన్నే చూస్తోంది. తలెత్తు నాన్నా.”