మన ఇంటి మీద పచ్చచుక్క

కాదండీ, వెబ్‌సైటు మ్యాపులో వీధి వీధంతా ఎర్రచుక్కలుంటే మన ఇంటి మీద మాత్రం పచ్చచుక్క ఎలా వచ్చిందో చెప్పండి. సైటు చేసింది నేను. నాకే అంతుపట్టకపోతే ఎలా?

ఆ ఫోన్ పక్కన పెట్టండి. మాట్లాడుతోంది మీతోనే.

వీధి చివర సిమెంటు కలిపే ప్లాంటు వచ్చి, బాబుకి దగ్గు పట్టుకున్నాకే కదా నేనీ సైటు మొదలుపెట్టింది. ఇంటింటి బాల్కనీలో దుమ్ము కొలిచే డబ్బా పెట్టించాను. దుమ్ము ఎక్కువుంటే ఎర్రచుక్క, తక్కువుంటే పచ్చచుక్క. ఆ లెక్కలు పట్టుకుని ప్లాంటు మూయించాలని కాలనీ వాళ్లు కాళ్లరిగేలా తిరుగుతున్నారు. మీరేమో ఇల్లమ్మేసి పోదామన్నారు. సరే, దానికీ తలూపాను.

ముందు పక్కింటి పిన్నిగారిని అనుమానించాను, తెలుసా? ఆవిడ చెయ్యి చాపితే మన డబ్బా అందుతుంది. పాపం, నిన్న ఆవిడ పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చి వచ్చేశాను. తర్వాత నా కోడ్‌ని అనుమానించాను. కూర్చుని మొత్తం తిరగేశాను. అందులో ఏం లేదు.

నా కళ్లు కప్పడం అంత తేలికనుకున్నారా? ఇదివరకు పక్షుల లెక్కల సైటు చేశానా, అందులో ఒక పెద్దమనిషి మంచం దిగకుండానే రోజూ కొంగల్ని ఎక్కించేవాడు. వానొచ్చినా, ఎండకాసినా అన్నే కొంగలు. అక్కడే దొరికిపోయాడు. చెరువు నీళ్లు పరీక్షించే సైటులోనూ ఇదే తంతు. నిజం లెక్కయితే కాస్త కిందా మీదా పడుతుందండీ. మన డబ్బా లెక్క వారం నుంచి స్కేలు పెట్టి గీసినట్టుంది.

అందుకే ఇవాళ స్టూలెక్కి చూశాను. డబ్బాకి ప్లాస్టిక్ కవరు తొడిగి ఉంది. మీ కొత్త బూట్లతో వచ్చిన కవరు.

ఏంటా నేలచూపులు? ఇల్లు కొనేవాళ్లు ముందు సైటే చూస్తారని మీకు తెలుసు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, నాకు తెలియదనుకున్నారు.

లేవకండి, అరవనులెండి. అరిచే మొహం నాకూ లేదు.

కవరు తీశాను. లోపల బాబు దగ్గుతున్నాడు. మళ్లీ తొడిగేశాను. మీలా కాదు, పిన్నుతో చిల్లులు పొడిచి మరీ తొడిగాను. ఇప్పుడు లెక్క కిందా మీదా పడుతూనే ఉంటుంది, పచ్చ మాత్రం దాటదు. నాలాంటిది ఇంకొకతి చూసినా పట్టుకోలేదు.

ఇందాక ఆ కొనేవాళ్లావిడ ఫోన్ చేసింది. ఆర్నెల్ల పాప ఉందట. "అక్కా, సైటు మీరే చేశారట కదా, అందుకే నమ్ముతున్నాం. మా పాపకి అక్కడి గాలి పడుతుందా?" అనడిగింది.

పడుతుందమ్మా, అన్నాను.