ఎనిమిదో రోజున వచ్చిన ఏడుపు

బరంపురం, అంకులిలో ఒక రెండు గదుల ఇల్లు. ఉమాదేవి పోయి పదమూడు రోజులైంది. చుట్టాలంతా పొద్దున్నే ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మిగిలింది ఇద్దరే. తల్లితోనే ఉంటూ ఇంట్లో జాకెట్లు కుట్టే కూతురు ప్రమోద, కొడలలో ఎరువుల కొట్టు నడిపే కొడుకు రాఘవేంద్ర. మధ్యాహ్నం ప్రమోద అన్నకి టీ ఇచ్చింది. గ్లాసు నిండా పోసి ఇచ్చింది.

"సెయ్యి వణకటం నేదేటి?"

"ఏ సెయ్యి?"

"నీ సెయ్యే. అంచుదాకా పోసావు, ఒక్క బొట్టు ఒలకనేదు."

"మంచిదే కదా అన్నియ్యా. తాగు, సల్లారిపోతాది."

"మంచిదే గాని... మూడేళ్లయి నువ్వు నాకు సగం గ్లాసే ఇస్తన్నావు."

"ఇప్పుడు నిండా ఇచ్చాను. అదీ తప్పేనా?"

"మందులేసుకుంటన్నావా?"

"పంచదార సరిపోయిందా?"

"మందులే ప్రమోదా..."

"ఏసుకుంటన్నాను. ఏటి, వచ్చినకాడి నుంచి పోలీసోడిలాగ."

"అట్టలు పట్రా."

"అట్టలెందుకు? నేనేటి సంటిపిల్లనా?"

"పట్రా అంటన్నాను."

"నువ్వే తెచ్చుకో. అమ్మ పెట్టినకాడే ఉన్నాయి. అద్దం ఎనకాల."

"...ఇదేటే? అమ్మ పెన్నుతోటి తేదీలేసుకుంది మాత్రమాత్ర మీదా. పదకొండో తారీకు దాకా సింపేసి ఉంది. పన్నెండు నుంచి అన్నీ అలాగే ఉన్నాయి. తెల్లవీ ఉన్నాయి, రాత్రివీ ఉన్నాయి."

"సూసావు కదా. ఇంకేటి అడుగుతావు?"

"అమ్మ పోయిన రోజు నుంచా?"

"ఆఁ."

"ఒక్కటీ ఏసుకోనేదా?"

"ఒక్కటీ నేదు."

"ఎందుకే?"

"బూరెలు మిగిలాయి. పెట్టమంటావా?"

"ప్రమోదా."

"ఏడుపు రానేదు అన్నియ్యా."

"ఏటీ?"

"అమ్మని ఎత్తినప్పుడు నాకు ఏడుపు రానేదు. నువ్వు ఏడ్సావు, వొదినేడ్సింది. అమ్మతో రోజూ కయ్యమాడే ఆ సివరింటి మావుసీ కూడా గుండెలు బాదుకుంది. నేను అలాగ నిలబడ్డాను. లోపల ఉంది. పైకి రాదు. ఆ మందు మీద పైకి ఏదీ రాదు. నవ్వూ రాదు, ఏడుపూ రాదు."

"దానికని..."

"ఎనిమిదో రోజుకి ఒచ్చింది. దినానికి బట్టలు బీరువాలోంచి తీస్తంటే, అమ్మ జాకెట్టు ఒకటి. సంకలో నేనే అతుకేసాను. అది సూసి కూలబడిపోయాను. సాయంత్రం దాకా ఏడ్సాను. ఎంత బాగుందో తెలుసా నీకు? మా అమ్మ కోసం నేనేడ్సాను. సొంతంగా."

"ఏడ్సావు కదా. ఇంక ఏసుకో మరి."

"ఏసుకోను."

"ఎన్ని రోజులై పడుకోనేదు నువ్వు?"

"పడుకుంటన్నాను."

"అబద్దం. నిన్న రాత్రి నేను నెగిసినప్పుడల్లా వంటగదిలో లైటుంది. గోడలు కడిగావు. ఆ గోడలెందుకు కడిగావు?"

"మసిగా ఉన్నాయి, కడిగాను. పక్కింటి బేబీవి మూడు జాకెట్లు కుట్టేసాను, హుక్కులతో సహా నేనే కుట్టాను. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కింది! మూడేళ్లై హుక్కులన్నీ అమ్మే కుట్టేది కదా, ఇప్పుడు నాకెవరూ అక్కర్నేదు. అన్నియ్యా, నేనొకటి అనుకున్నాను, పెద్దబజారులో కొట్టు పెడతాను, పట్టుసీరలకి ఫాల్సు, జాకెట్లు, పెళ్లి బట్టలు, నలుగురు ఆడపిల్లల్ని పెట్టుకుని, బేబీ కూడా ఒస్తానంది, బోర్డు మీద అమ్మ పేరు..."

"మెల్లగా మాటాడు."

"మెల్లగానే మాటాడతన్నాను."

"కాదు. మార్కండి ఎల్లినప్పుడూ ఇలాగే మాటాడావు."

"...ఆ మాటెందుకు ఇప్పుడు?"

"ఎందుకంటే రెండ్రోజులు ఎతికాం నిన్ను. మార్కండి సముద్రం ఒడ్డున, వలలు ఆరేసినకాడ దొరికావు. ఒంటి మీద బంగారం నేదు, కాళ్లకి సెప్పుల్లేవు. సేపలోళ్ల ఆడోళ్లకి పంచిపెట్టేసావు అన్నీ. వాళ్లు మంచోళ్లు కాబట్టి దాచి ఇచ్చారు. అమ్మ నిన్ను సూసి ఏటీ అననేదు. నీ కాళ్లకంటిన ఇసక దులుపుతా కూసుంది."

"తెలుసు."

"తెలిస్తే మరి? ఆ తరవాత ఏడాదిన్నర నీ సేతికి తన కొంగు ముడేసుకుని పడుకునేది. పడుకోటమేటి, కళ్లు మూసుకునేది. నువ్వు కదిల్తే కూసునేది."

"తెలుసు అన్నియ్యా. నాకు తెలీదనుకుంటన్నావేటి?"

"ఆ మందొచ్చాకే కదా ఇంట్లో ఇద్దరికీ నిద్ర."

"ఆ నిద్రే మరి! ఆ నిద్రే సంపింది అమ్మని!"

"అలాగనకు."

"అంటాను. నీకేటి తెలుసు ఆ మందు సంగతి? కొడలలో కూసుని, మందేసుకో మందేసుకో అని నువ్వు ఫోన్లో సెప్తావు. ఏసుకున్నదాన్ని నేను. పొద్దునకి నాలిక అట్టలాగైపోతాది. జగ్గుడు నీళ్లు తాగినా దాహం తీరదు. తాగిన నీళ్లకి గంటకోసారి నెగాలి. నోట్లో ఏ కూరైనా ఇనప రుసే. ఇరవై కేజీలు ఒళ్లొచ్చింది. జాకెట్లు కుట్టేదాన్ని, నా జాకెట్టే నాకు పట్టదు. అమ్మ కుట్లు ఇప్పి ఒదులు సేసేది. ఇప్పి ఇప్పి ఇంక లోపల బట్ట నేదు. నా సెయ్యి సూసి ఒక గిరాకీ అడిగింది, తాగుతావా అమ్మా అని."

"నాకు సెప్పనేదేటి ఇయ్యన్నీ?"

"నువ్వడిగావా? అవన్నీ పడ్డాను. అమ్మకోసం పడ్డాను. సగం గ్లాసులు, కిటికీలో నీళ్ల జగ్గు, మూడు నెల్లకోసారి రత్తం పరీక్ష. ఆ సూది గుచ్చేటప్పుడు అమ్మ మొఖం అటు తిప్పుకునేది, నాకు గుచ్చితే తనకి నొప్పి. అవి పరవానేదు. కాని ఆ రాత్రి మాత్ర ఉంది సూడు. అదేసుకుంటే మనిషి కాదు, మూట. ఒంటి మీద నుంచి రైలెల్లినా తెలీదు."

"డాక్టరుకి సెప్పుంటే తగ్గించునేమో..."

"సెప్పాం. ఒచ్చే నెల సూద్దామన్నారు. ఒచ్చే నెల! ఆ ఒచ్చే నెలలోపే..."

"ఊరుకో."

"ఊరుకోను. నువ్వు సూడనేదు. నేను సూసాను. బేబీ పాలకోసం ఒచ్చి తలుపు బాదితే నాకు మెలకువొచ్చింది. అమ్మ నా మంచం పక్కన నేల మీద కూసుని ఉంది. తల మంచానికి ఆన్చి ఉంది. సెయ్యి నా కాలి మీద ఉంది. అమ్మా అన్నాను. ఏటి ఇక్కడ కూసున్నావు అన్నాను. సెయ్యి తీసేసరికి..."

"సాలు ప్రమోదా."

"సల్లగా ఉంది. ఎంతసేపు పిలిసిందో. ఎంతసేపు ఆ కాలు కుదిపిందో. గుండె పట్టేసినదానికి గొంతేటి ఒస్తాది, అరవనేదు కదా. అందుకే ఒచ్చి కాలు కుదిపింది. నేను నెగనేదు. బయట ఆడోళ్లు ఒరియాలో ఏటనుకున్నారో ఇన్నాను. మా మొరిగలా, ఝియొ శోయిఛి అంట. తల్లి సచ్చిపోయింది, కూతురు పడుకుంది. ఏ బాసలో అన్నా అంతే కదా."

"వాళ్ల మొఖం. వాళ్లకేటి తెలుసు?"

"తెలిసిందే అన్నారు. ఇంక ఆ మందు నా నోట్లోకి ఎల్లదు. పిచ్చిదాన్నయితే అవుతాను. మళ్లీ మార్కండి ఎల్లితే ఎల్తాను. ఆ నిద్ర మాత్రం నాకొద్దు."

"అమ్మ నిన్ను పిలవనేదు."

"ఏటి?"

"పిలవనేదు. కాలు కుదపనేదు. ఊరికే కూసుంది నీ కాడ."

"ఓదార్పు మాటలు సెప్పకు."

"ఓదార్పు కాదు."

"నువ్వున్నావా ఇక్కడ?"

"ఉండనేదు."

"మరి నీకెలా తెలుసు?"

"తెలుసు. అమ్మ సంగతి నాకు తెలీదేటి. ఆ మందేసుకో, దండం పెడతాను. సాయంత్రం డాక్టరు కాడికి ఎల్దాం. రాత్రిది మార్చమందాం. కొడల ఒచ్చి మా ఇంట్లో ఉండు కొన్నాళ్లు. వొదినకి సెప్పాను."

"మాట మార్చకు. ఎలా తెలుసు నీకు?"

"టీ సల్లారిపోయింది, ఏడి సేసి పట్రా."

"అన్నియ్యా. బేబీ నీకు ఫోన్ సేసింది ఆరున్నరకి. నా పక్కనుండే సేసింది."

"ఆఁ."

"నువ్వు ఏడు కాకముందే గుమ్మంలో ఉన్నావు."

"బండి తోలుకొచ్చాను."

"కొడల నుంచి గంట దారి. ఎంత తోలినా గంటే."

"అప్పటికే బయల్దేరాను. సరుకు పని ఉండి..."

"సరుకు పనా? ఆదివారం? అమ్మ ఫోనేది?"

"నాకాడుంది."

"ఆ రోజే జేబులో ఏసుకున్నావు. చుట్టాలకి సెప్పాలి, నెంబర్లు కావాలన్నావు. చుట్టాలొచ్చారు, ఎల్లారు. ఇంకా ఇవ్వనేదు. ఇవ్వు."

"ఛార్జింగు నేదు."

"నేను పెట్టుకుంటాను. ఇవ్వు."

"ప్రమోదా..."

"అమ్మ నీకు ఫోన్ సేసిందా? సేసిందా అన్నియ్యా?"

"సేసింది."

"ఎప్పుడు?"

"నాలుగున్నరకి."

"ఎత్తావా?"

"ఎత్తాను. మొదట ఎత్తనేదు. అమ్మ అని పేరు సూసి, మళ్లీ నీ గురించే అనుకున్నాను. ఏళ్ల తరబడి ఆ టయానికి ఫోనంటే నీ గురించే కదా. రెండోసారికి ఎత్తాను."

"ఏటంది?"

"ఛాతీలో బరువుగా ఉందిరా, ఎడం రెక్క లాగతంది అంది. ప్రమోదని లేపు అన్నాను. దాన్నా, లేపనురా అంది. ఇన్నేళ్లకి నా పిల్లకి కడుపునిండా నిద్రొచ్చింది, ఎంత బాగా పడుకుందో, దాని కాడే కూసుని సూస్తన్నాను అంది. అందుకే తెలుసు. నిన్ను పిలవనేదు. నువ్వు నెగకపోటం కాదు, అమ్మే లేపనేదు."

"పదమూడు రోజులు."

"ఆఁ."

"పదమూడు రోజులు నేనిలాగ కాలుతా ఉంటే, సూస్తా కూసున్నావా?"

"కూసున్నాను. నోరు రానేదు. సెప్తే నా సంగతీ సెప్పాలి కదా."

"నీ సంగతేటి? నువ్వు ఎత్తావు కదా. బయల్దేరావు కదా."

"అయిదున్నరకి బయల్దేరాను."

"నాలుగున్నరకి ఫోనొస్తే?"

"దారిలో ఆగి టీ కూడా తాగాను ప్రమోదా."

"ఎందుకు? పక్కింట్లోనే బేబీ ఉంది. బేబీకి ఒక్క ఫోన్ కొడితే..."

"తట్టనేదు. తట్టనేదే నాకు. నిద్రమత్తులో..."

"నువ్వేటన్నావు అమ్మతో?"

"ఒద్దు."

"సెప్పు. అన్నియ్యా, నువ్వు ఏటన్నావు?"

"గ్యాసేలే అమ్మా, నేను పొద్దున్న ఒస్తాను కదా, నువ్వు పడుకో అన్నాను. సరే నాన్నా, నువ్వూ పడుకో అంది."