నానా ఠీక్ హై

తుఫాను వెలిసిన సాయంత్రం, ఫోన్లు ఇంకా పలకడం లేదు. గోసాని నువాగాంలో హామ్ రేడియో నడిపే మాస్టారి మేడ మీద ఆమె కాలు నిలవక తిరుగుతోంది. గంజాం ఉప్పుమడుల దగ్గర చిక్కుకున్న తండ్రీ, అన్నా ఇద్దరూ అక్కడి శిబిరం చేరారో లేదో తెలియదు. ఆ శిబిరంలోనూ ఒక రేడియో ఉంది; అందులో పలికిన మాటని నాగపూర్‌లో ఒకాయన తన రేడియోలో విని మాస్టారికి అందించాడు.

“ముప్పై కిలోమీటర్లు మాస్టారూ. గంజాం మాట నాగపూరోళ్లకి ఇనబడి మనకెందుకు ఇనబడదు?”

“తరంగం పైకెళ్లి, ఎండకి కరెంటెక్కిన గాలికి తగిలి వంగుతాదమ్మా. దూరంగా దిగుతాది. దగ్గరోళ్ల నెత్తి మీంచి పోతాది.”

“నాగపూరాయన ఏటన్నాడు? మళ్లీ సెప్పండి.”

“‘నానా ఠీక్ హై.’ నానా బాగున్నాడని. అంతే.”

“ఏ నానా? అన్నని మేం ఒడియాలో ననా అంటాం. నాన్నన్నా ఆయన నోట్లో నానాయే అవుతాది. బాగున్నది ఒక్కరేనా? అడగండి.”

“పొద్దు గూకింది. పైన ఆ కరెంటు గాలి పొర పలచబడిపోనాది. ఇప్పుడు పంపిన మాట కిందకి దిగదు, ఆకాశం దాటి పోతాది.”

ఆమె మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

“శిబిరంలో మైకు ఎవరికిస్తారు?”

“ఇంటోళ్లకే. మీవాళ్లలో ఒకరే మాటాడారంట. పేరు సెప్పలేదు.”

“తన గురించైతే ‘నేను’ అంటారు గానీ నానా అనరు కదా. నాన్న మాటాడితే ననా బాగున్నాడంటాడు. అన్న మాటాడితే నాన్న బాగున్నాడంటాడు.”

“అయితే?”

“ఒకరు బాగున్నారని సెప్పినోడు రెండోవాడే కదా మాస్టారూ.”

అప్పుడు గానీ ఆమె కూర్చోలేదు.