క్లాసులో చెప్పిన ఇంటి కబురు

చెట్లు చిగురేసే రోజుల్లో బడిలో కుటుంబాల సంబరం పెట్టారు. మనవరాలి ఆట చూడబోయిన నానమ్మకు టీచరు ఎదురొచ్చింది.

"నానమ్మగారూ, మీ ఇంటికి బుజ్జి పాపాయి వస్తోందటగా!"

"మా ఇంటికా? ఎవరికమ్మా?"

"మీ కోడలికేనండీ. పొద్దున ఇంటి కబుర్లు చెప్పమంటే మీ మనవరాలు చెప్పింది."

"ఒక్క పొయ్యి దగ్గర వండుకుంటాం, నాకు తెలీకుండానా? పిల్లి ఈనుతుందని చెప్పుంటుంది!"

"కాదండీ... అయ్యో, నానమ్మకు చెప్పొద్దని కూడా అంది. మరిచేపోయాను."

"నాకెందుకు చెప్పకూడదట? నేనేం పరాయిదాన్నా?"

"పోయినసారి కడుపు నిలవలేదని మీరు అన్నం మానేశారట. ఈసారి నాలుగో నెల దాటాకే మీ కోడలు మీకు చెప్తుందట."



"పిచ్చిపిల్ల! దాని దిగులు చాలక నా దిగులూ మోస్తోందా?"

"ఇప్పుడెలాగండీ?"

"నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. ఇవాళ్టినుంచి నీళ్ళ బకెట్లు మాత్రం నేనే మోస్తా. నడుంనొప్పి తగ్గిపోయిందని చెప్తాలే."