మళ్ళీ అడిగిన ప్రమాణం

యేసు ఒక పెళ్ళిలో నీళ్ళను ద్రాక్షారసంగా మార్చిన ఊరది. యాత్రకు వచ్చిన జంటలన్నీ అక్కడి చర్చిలో పెళ్ళి ప్రమాణాలు మళ్ళీ చేసి బస్సెక్కాయి. ఒక జంట మాత్రం మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

“అందరి ముందూ నా పరువు తీశావు. పాస్టరుగారు రెండుసార్లు అడిగినా బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేంటి?”

“ఆయన అడిగింది చిన్న మాటా? ఈ మనిషిని భర్తగా అంగీకరిస్తున్నావా అన్నారు.”

“అంగీకరించే కదా ముప్పై ఏళ్ళు కాపురం చేశావు!”

“ఎప్పుడు అంగీకరించాను? పెళ్ళిరోజు నా గొంతు పెగల్లేదు. వెనక నిలబడ్డ మా పెద్దమ్మ ‘అవును’ అనేసింది. మొహం మీద ముసుగుంది కాబట్టి అందరూ నేనే అన్నాననుకున్నారు.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“మీరు అడిగితే కదా! ఇల్లు మార్చినప్పుడు అడగలేదు, పిల్లకి సంబంధం ఖాయం చేసినప్పుడు అడగలేదు. ఈ యాత్రకి కూడా పేర్లిచ్చేసి వచ్చి, పెట్టె సర్దమన్నారు.”

“అందుకని పాస్టరుగారి ముందా తేల్చుకునేది?”

“మరెక్కడ? ఇంట్లో నన్నెవరడిగారు?”

“మెల్లిగా! బస్సు కిటికీల్లోంచి అందరూ మననే చూస్తున్నారు.”

“చూడనివ్వండి.”

“ఇంతకీ... నేనంటే నీకు ఇష్టం లేదా?”

“ఏంటి?”

“ఇష్టం ఉందా అని అడుగుతున్నా. నాతో ఉంటావా?”

బస్సు హారన్ గట్టిగా మోగింది.

“పలకవేం? వాళ్ళు వెళ్ళిపోయేట్టున్నారు.”

“ఇన్నాళ్ళకి అడిగారు. కాస్త ఆలోచించుకోనివ్వండి. మీరెళ్ళి బస్సు ఆపండి.”