నల్ల గొడుగు ముందు పువ్వు

రెండువేల ఇరవైయొకటి, మే నెల. తెనాలిలో ఒక చిన్న మేడ. కరోనాతో పదో రోజు పైగదిలో గడుపుతున్న కృపారావు మెట్ల పైన, ఆయన భార్య స్టెల్లా మెట్ల కింద.

“ఏమండీ, మీకు పైన ఏమన్నా అయితే నేను మెట్లెక్కి రావచ్చా, రాకూడదా? పొద్దుట్నించీ అదే ఆలోచన.”

“ఏమీ కాదు స్టెల్లా. ఇడ్లీ మెట్టు మీద పెట్టి వెనక్కి జరుగు.”

“కాదనే అనుకుంటారు అందరూ. నిన్న మీరు ఫోన్లో పంపిన మందారం ఫోటో మసగ్గా ఉంది. చెయ్యి వణికిందా?”

“గాలికి పువ్వు ఊగింది.”

“మొన్నటి బంతిపువ్వు సగమే పడింది. మీకు కళ్లు తిరిగాయేమోనని బాపట్లలో మన పింకీకి ఫోన్ చేశా. అలా తియ్యడం కళ అంది. కళేంటి, కన్నతండ్రి పడిపోతుంటే.”

“పడిపోలేదు. పది రోజుల్నించీ నాకు తోడు ఈ కుండీలే. మాట్లాడితే దగ్గొస్తుంది, ఫోటో తీస్తే రాదు. వాసన ఎలాగూ పోయింది, కళ్లతోనన్నా చూసుకోనీ.”

“ఆ కుండీల్లో ఏమున్నాయో నాకు తెలియదు కూడా. మోకాళ్లు పోయాక నేను మేడెక్కిందే లేదు. మూడు రోజులుగా మెట్ల మీద ఏదో మత్తు వాసన. ఏంటండీ అది?”

“నాకేం రావట్లేదు.”

“మీకెలా వస్తుంది. పోనీ, ఇవాళ పంపింది ఏం పువ్వు? వలిచిన అరటితొక్కలా ఉంది.”

“పువ్వే.”

“ఏం పువ్వు అని.”

“పసుపుపచ్చ పువ్వు. వెనక నల్ల గొడుగు తెరిచి పెట్టా. బాగా తేలింది కదూ?”

“అక్కడేనండి వచ్చింది చిక్కు. మీరు ముందు కూర్చోండి.”

“కూర్చునే ఉన్నా.”

“గోడకి ఆనుకోండి. ఆ ఫోటో చర్చి గ్రూపులో పెట్టా. తీసినవాళ్ల పేరు కింద రాయాలని పింకీ చెప్పిందిగా, కృపారావు గారు అని రాశా. ఎప్పుడు తీశారో తెలియాలి కదాని ఇవాళ్టి తారీకు వేశా. మర్యాదగా ఉంటుందని చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టా.”

“వెనక నలుపు, ఒక పువ్వు, నా పేరు, తారీకు, దణ్ణం.”

“మీరు చెప్తుంటే ఇప్పుడు నాకూ అలాగే వినిపిస్తోంది.”

“ఈ నెల మన గ్రూపులో వచ్చిన చావు కబుర్లన్నీ అలాగేగా ఉన్నాయి స్టెల్లా.”

“పాస్టరు గారు ఫోన్ చేశారు. నిన్న ప్రార్థన చేసినప్పుడు బాగానే ఉన్నాడు కదమ్మా అన్నారు. చుండూరు రాజమ్మ పిన్ని నన్ను మాట్లాడనివ్వకుండా పావుగంట ఏడ్చింది. వడ్రంగి బెన్నీ అయితే శవపెట్టెకి కొలత అడిగాడు.”

“చెప్పావా?”

“నవ్వకండి, దగ్గొస్తుంది.”

“రాజమ్మ పిన్ని ఏమంది నా గురించి?”

“బంగారంలాంటి మనిషి అంది.”

“బతికుండగా ఒక్కసారీ అనలేదు. రేపల్లె నుంచి ఎవరన్నా చేశారా?”

“లేదండి. ముందు ఆ ఫోటో తీసేస్తా, తర్వాత ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి పొరపాటని చెప్తా.”

“ఉండు. రేపల్లె నుంచి చేశారా?”

“లేదన్నాగా. మీ అన్నయ్య చేస్తారనా? ఆయన మనతో మాట్లాడి తొమ్మిదేళ్లు.”

“ఆ గ్రూపులో అన్నయ్యా ఉన్నాడుగా.”

“ఉంటే? రేపల్లె ఇంట్లో అత్తయ్య పెట్టిన సంపెంగ చెట్టు నేను కొట్టించాననేగా ఆ కోపం. సంపెంగకి పాములొస్తాయన్నారు. పింకీ దాని కిందే ఆడుకునేది. భయపడనా?”

“ఎప్పుడన్నా వచ్చిందా పాము?”

“వచ్చాక భయపడి ఏం లాభం?”

“సరే. ఆ ఫోటో మధ్యాహ్నందాకా ఉంచు.”

“ఏంటి?”

“ఒక్క పూట. పోయాననుకుంటేనన్నా పలుకుతాడేమో చూద్దాం.”

“పాపమండి. దేవుడు నిజం చేస్తే?”

“ఫోన్ మోగుతోంది.”

“మళ్లీ బెన్నీ అయ్యుంటాడు, కొలత కోసం. ఏమండీ... శాలేమురాజు బావగారు.”

“స్పీకర్ పెట్టు. నేను పలకను.”

“హలో, బావగారూ... బావగారూ... ఏమండీ, మీ అన్నయ్య ఏం మాట్లాడట్లేదు.”

“నన్ను పిలుస్తావేంటి, నేను పోయాగా.”

“నావల్ల కాదు. బావగారూ, ఆయన బతికే ఉన్నారండి. ఇప్పుడు పైనుంచి మాట్లాడింది ఆయనే. ఫోటో కింద పేరు రాసింది నేను. ఆ చెట్టు కొట్టించిందీ నేనే, మీ తమ్ముడు వద్దంటూనే ఉన్నారు. కోపం నా మీద పెట్టుకోండి. పోనీ తిట్టండి... ఏదో ఒకటి అనండి...”

“లైన్లో ఉన్నాడా?”

“ఉన్నారండి. ఊపిరి వినిపిస్తోంది. బావగారూ...”

“ఉన్నానమ్మాయ్. పొద్దున పేరు చూసి అలాగే ఏడుస్తూ కూర్చున్నా. ఇందాకే కళ్లజోడు పెట్టుకుని పువ్వు చూశా. అది మా అమ్మ సంపెంగ. రేకు కొస అలాగే మెలి తిరుగుతుంది. నువ్వు చెట్టు కొట్టించిన రోజే వాడు పిలక పీక్కెళ్లి మేడ మీద దాచాడన్నమాట, దొంగవెధవ. వాడికి తగ్గగానే వస్తానని చెప్పు. అప్పటిదాకా నువ్వు మాత్రం కత్తి పట్టుకుని ఆ మేడ ఎక్కకు.”